చేతుల మీద నీళ్ళు

ఖమూస్ కుడిచేతి చూపుడువేలు రెండో కణుపు దగ్గర పక్కకి తిరిగి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళ వయసులో పంపు బెల్టులో పడింది. ఆసుపత్రిలో కట్టు కట్టి సరిచేశారు. కట్టు విప్పాక అది మళ్ళీ తనకిష్టమైన వైపుకే తిరిగింది.

ఇంకొకరికైతే అది ఒక వేలు. ఖమూస్ మాత్రం కోహెన్, అంటే మా యూదుల్లో పూజారులైన అహరోను వంశం వాడు. కోహెన్ ప్రతి ఉదయం ప్రార్థనలో బూట్లు విప్పి, చేతులు కడిగించుకుని, తోరా గ్రంథం ఉంచే బీరువా ముందుకి ఎక్కి, రెండు చేతులూ చాచి జనాన్ని దీవించాలి. మా మందిరంలో చేతులు తలమీంచి కప్పుకున్న ప్రార్థన శాలువా బయటికే చాస్తారు. వేలు వంకరగా ఉంటే జనం చూపు దాని మీదికి పోతుంది, మనసు దీవెన మీద నిలవదు. అందుకని అలాంటి కోహెన్ ఎక్కకూడదు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. ఊరు ఆ వేలికి అలవాటు పడితే ఎక్కవచ్చు. ముప్పై రోజులు కళ్ళముందు తిరిగితే అలవాటు పడినట్టే.

ఖమూస్ ముప్పై రోజులు ఆగి ఎక్కాడు. నేను చెప్పబోయేది జరిగిన ఏడాది అతనికి యాభై ఆరేళ్ళు. వేరే ఊరికి పెళ్ళికో చావుకో వెళితే, దీవెన సమయానికి ముందే లేచి బయటికి వెళ్ళి గోడ పక్కన నిలబడతాడు. అక్కడ అతని వేలు ఎవరికీ అలవాటు లేదు. అతను దీవించగల మందిరం లోకంలో మాది ఒక్కటే.

పుట్టింది ట్యునీసియా దగ్గర జెర్బా దీవిలో. ఏడేళ్ళకి ఈ దేశంలో ఓడ దిగాడు, పాతికేళ్ళకి మా ఊరొచ్చాడు. మా ఊరంటే నూట పది ఇళ్ళు, క్యాప్సికం పెంచే ప్లాస్టిక్ షెడ్లు, పడమర ఇసుక దిబ్బలు. షెడ్లన్నిటికీ డ్రిప్ పైపులు చూసేది ఖమూసే. ఏ రంధ్రం ఎప్పుడు పూడుకుంటుందో ఆకు చూసి చెప్పేవాడు. ఎవరింట్లో దేనికి గొడవ అవుతోందో మాత్రం అతనికి ఎప్పుడూ ఆఖర్న తెలిసేది.

కోహెన్ చేతుల మీద నీళ్ళు పోయాల్సింది లేవీ వంశం వాడు. మా ఊళ్ళో ఆ వంశం వాడు గెదల్యా ఒక్కడే. అతని తండ్రి హంగరీ నుంచి మోసుకొచ్చిన రెండు చెవుల రాగి చెంబు మందిరం గుమ్మం పక్కన తొట్టి మీద ఉంటుంది. గెదల్యాది ఖమూస్ పక్క ఇల్లే. ఇద్దరి షెడ్లకీ మధ్య గోడ ఒక్కటే. ముప్పై ఏళ్ళుగా రోజూ ఆ తొట్టి దగ్గర వాళ్ళిద్దరి గుసగుస నాకు వినబడుతుంది. ప్రార్థన నడిపించేది నేనే.

"ఏరా, నీళ్ళు ఇంత చల్లగానా?"

"రేపు టీ కాచి పోస్తాలే."

రోజూ ఇదే. చలికాలమైనా, వేసవైనా.

ఆ ఏడాది, రెండువేల అయిదులో, దిబ్బల అవతల, యుద్ధంలో గెలుచుకున్న నేల మీద మావాళ్ళు కట్టుకున్న ఊళ్ళన్నీ ఖాళీ చేయించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఖాళీ చేయించే పని సైన్యానిది. వద్దన్నవాళ్ళు నారింజరంగు రిబ్బన్లు కట్టుకున్నారు. మా ఊళ్ళో కార్లకీ, సైకిళ్ళకీ, నీళ్ళ ట్యాంకు నిచ్చెనకీ అదే రంగు. గెదల్యా కూతురు హదాసా, మొగుడూ నలుగురు పిల్లలతో ఆ ఊళ్ళలో ఒకదాంట్లో ఉంటోంది. ఖమూస్ కొడుకు యగేల్ సైన్యంలో కెప్టెన్. అతని దళానికీ పిలుపొచ్చింది.

ఆగస్టులో ఆ గురువారం నేను ఖమూస్ షెడ్డులో ఉన్నాను. అతను నేల మీద కూర్చుని పైపు రంధ్రంలో సూది తిప్పుతున్నాడు. గెదల్యా వచ్చి వరుస చివర నిలబడ్డాడు. మణికట్టుకి రిబ్బను.

"యగేల్ ఈ శనివారం సబ్బాతుకి వస్తున్నాడంటగా."

"ఒక్కరోజు సెలవిచ్చారు. వస్తాడు."

"పైకి ఎక్కుతాడా?"

"కోహెన్ కొడుకు ఎక్కకపోతే నీలాగ చెంబు పట్టుకుంటాడా?"

ఆ మాటకి గెదల్యా ఎప్పుడూ నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"వచ్చే వారం అదే చేతుల్తో మా హదాసాని గుమ్మంలోంచి ఎత్తి బస్సెక్కిస్తాడు. ఆ చేతుల మీద నేను నీళ్ళు పోయను, ఖమూస్. ముందే చెప్తున్నా."

"వాడి దళం ఏ ఊరెళ్తుందో వాడికే తెలీదురా."

"ఏ ఊరైతే ఏంటి? అన్నీ ఎవడో ఒకడి కూతురి ఇళ్ళేగా."

ఖమూస్ సూది జేబుకి గుచ్చుకున్నాడు. "ఏం చెయ్యమంటావ్?"

"వాణ్ణి ఎక్కొద్దను. నువ్వొక్కడివే ఎక్కు. నీతో నాకు పేచీ లేదు."

"నా కొడుకుతో ఉంది, నాతో లేదా?"

"ఇప్పటిదాకా లేదు," అన్నాడు గెదల్యా. "వాడు ఎక్కితే నేను లేచి పోతాను. నాతోపాటు ఇంకో ఆరేడుగురు పోతారు. చూసుకో."

అతను వెళ్ళాక ఖమూస్ చాలాసేపు ఆ పైపునే పట్టుకుని కూర్చున్నాడు. అందులోంచి నీళ్ళు అప్పటికే బాగా కారుతున్నాయి.

"పిన్హాస్, బండి తియ్. రబ్బీ దగ్గరికి పోదాం," అన్నాడు నాతో.

మా ఊరి మతగురువు రబ్బీ హర్పజ్ ఇంటి ముందు గదిలో ఒక ఫోటో ఉంటుంది. జీపు బానెట్ మీద ముగ్గురు యువకులు, సైనిక దుస్తులు, నోళ్ళలో సిగరెట్లు. అరవై ఏడు జూన్‌లో, యుద్ధంలో ఆ నేల గెలిచినప్పుడు తీసింది. వెనక కనబడే ఇసుక మీదే తర్వాత హదాసా ఇల్లు లేచింది. ముగ్గురూ జెరూసలేంలో ఒకే గురువు దగ్గర, ఒకే బెంచీ మీద చదివారు. ముగ్గురూ రబ్బీలయ్యారు. ఎడమవైపు హర్పజ్. మధ్యలో షోరెక్, యగేల్‌కి నాలుగేళ్ళు చదువు చెప్పినవాడు. కుడివైపు వైనర్, అరగంట దూరంలో కిబ్బుత్స్ అనే ఉమ్మడి సేద్యపు ఊళ్ళో ఉంటాడు. ఈ దేశం తిరిగి పుట్టడం దేవుడి పనే అని ముగ్గురూ నమ్ముతారు. ఆ పని తర్వాత మనం ఏం చేయాలన్న దగ్గర ముగ్గురూ మూడు దారులు పట్టారు.

ఆజ్ఞ పాటించనా మాననా అని యగేల్ ముందే ముగ్గురికీ ఉత్తరం రాశాడు. హర్పజ్ జవాబు మాకు తెలుసు. వెళ్ళమన్నాడు. "ఈ రాజ్యం రెండువేల ఏళ్ళ ప్రార్థనకి వచ్చిన జవాబు. జవాబులో ఒక వాక్యం నచ్చలేదని కాగితం చింపం. ఏడుస్తూ వెళ్ళు, వరస మాత్రం తప్పకు. సైన్యం రెండుగా చీలితే ఆ ఊళ్ళూ ఉండవు, ఈ ఊళ్ళూ ఉండవు," అని రాశాడు.

ఖమూస్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "రబ్బీ గారూ, నేను ఆజ్ఞ గురించి రాలేదు. చేతుల గురించి వచ్చాను. వాడు ఎక్కొచ్చా?"

"వాడు కోహెన్. ఆజ్ఞ పాటించిన సైనికుడి చేతులు చెడిపోవు. ఎక్కొచ్చు."

"మరి గెదల్యా సంగతి?"

హర్పజ్ కళ్ళద్దాలు తీశాడు. "అది వేరే సంగతి. జనం ద్వేషించే కోహెన్ ఎక్కకూడదు. జనాన్ని ద్వేషించే కోహెనూ ఎక్కకూడదు. ఎక్కితే ప్రమాదం కోహెన్‌కే. దీవెనకి ముందు 'ప్రేమతో' అన్న మాట నోటితో పలకాలి కదా. అది లేకుండా చెయ్యి ఎత్తడం ఆట కాదు."

"ద్వేషం ఉందో లేదో ఎవరు తేలుస్తారండీ?"

"కొలిచే పరికరం నా దగ్గర లేదు, ఖమూస్."

బండిలో కూర్చున్నాక అతను అన్నాడు, "పంపు పాడైతే పంపు పాడైందని చెప్తాను నేను. కొలిచే పరికరం లేదని చెప్పి పంపించెయ్యను."

కిబ్బుత్స్‌కి పోనిమ్మన్నాడు.

రబ్బీ వైనర్ ఆవుల షెడ్డులో ఉన్నాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. మమ్మల్ని చూసి గొట్టం కట్టేశాడు.

"ఖాళీ చేయడమే సరైన పని," అన్నాడు. మేం అడక్కముందే. "ఆ కంచె అవతల పది లక్షలకి పైగా అరబ్బులున్నారు. వాళ్ళకీ పిల్లలున్నారు. మన కుటుంబాలని కాపలా కాయడానికి పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళని ఎండలో నిలబెడుతున్నాం. నేల పవిత్రమైందే. ప్రాణాలు ఇమ్మని నేల ఎప్పుడూ అడగలేదు. మనమే దాని తరఫున అడుగుతున్నాం."

"మీ మాట వినేవాళ్ళు ఎంతమంది ఉంటారు రబ్బీ గారూ?"

"ఆవుల్ని కలుపుకుంటే డెబ్బైమంది."

ఖమూస్ నవ్వాడు. ఆ రెండు రోజుల్లో అతను నవ్వింది అప్పుడే. తర్వాత తన ప్రశ్న అడిగాడు.

"ఎక్కించు," అన్నాడు వైనర్. "గెదల్యా పోయకపోతే ఏ తల్లికైనా మొదటి కొడుకైనవాడు పోయొచ్చు. నియమం ఉంది."

"నియమం తెలుసండీ. ముప్పై ఏళ్ళు పోసినవాడు పోయనంటే దానికేదైనా నియమం ఉందా?"

వైనర్ ఆవు వీపు మీద చెయ్యి పెట్టాడు.

"లేదు," అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం యగేల్ బస్సు దిగాడు. భుజాన సంచీ, తుపాకీ. బస్టాపు నుంచి ఇంటికి మూడు వందల అడుగులు. దారిలో ముగ్గురు తలుపులేసుకున్నారు. ఒక ముసలావిడ ఎదురొచ్చి "ఏం నాయనా, ఎవరింటికి వచ్చావ్? ఎత్తుకుపోడానికి ఎవరున్నారిక్కడ?" అంది. అతను "మా అమ్మ వండింది తినడానికి వచ్చానమ్మమ్మా" అన్నాడు.

మందిరం పక్క అతిథి గది ముందు రబ్బీ షోరెక్ నిలబడి ఉన్నాడు. ఆ సబ్బాతు మా ఊళ్ళో ప్రసంగించడానికి వచ్చాడు. దిబ్బల అవతలి ఊళ్ళకి బాసటగా వెళ్ళేవాళ్ళకి ధైర్యం చెప్పడానికి పిలిచారు. యగేల్ ఆగాడు. ఖమూస్, నేను అతని వెనకాలే ఉన్నాం.

"నా ఉత్తరం అందిందా?" అన్నాడు షోరెక్.

"అందింది, రబ్బీ గారూ."

"ఆయుధం కింద పెట్టి, నా వల్ల కాదని మీ పైఅధికారికి చెప్పమన్నాను."

"చదివాను."

"నాలుగేళ్ళు నేర్పాను నీకు. నేను నేర్పినదాంట్లో ఈ ఆజ్ఞ ఏ పేజీలో ఉందో చూపించు."

"ఈ దుస్తులు కూడా పవిత్రమని మీరే నేర్పారు."

"నాటడానికి ఇచ్చిన చేతుల్తో పెకలించమంటే, ఆ దుస్తులు గుడ్డముక్క. రాజు చెప్పినా, మంత్రి చెప్పినా, దేవుడి మాటకి ఎదురైన ఆజ్ఞ ఆజ్ఞ కాదు. హర్పజ్‌కి రాజ్యం మీద ప్రేమ ఎక్కువ. నాకూ ఉంది. నేను దానికి మొక్కను."

"నేను వెళ్ళకపోతే నా బదులు ఇంకొకడు వెళ్తాడు. వాడికి హదాసా పేరు తెలీదు."

"పేరు తెలిసినవాడు మోస్తే బరువు తగ్గుతుందా?"

"తగ్గదు," అన్నాడు యగేల్. "తగ్గదు గనకే నేను మోస్తానంటున్నా."

షోరెక్ గడ్డం పట్టుకుని నేల చూశాడు. గొంతు తగ్గింది.

"రేపు నువ్వు ఎక్కితే నేను లోపల కూర్చుంటానో లేచిపోతానో నాకే తెలీదు. నిన్ను చూసి ముఖం తిప్పుకోవాలని పొద్దుట్నుంచి అనుకుంటున్నా. నా మెడ తిరగడం లేదు."

ఖమూస్ అప్పుడు నోరు తెరిచాడు. "వాడు ఎక్కుతాడు రబ్బీ గారూ. నా పక్కన నిలబడతాడు. ఇది నా మందిరం."

అతను గొంతెత్తి మాట్లాడగా విన్నది నేను అదే మొదటిసారి. అతని భార్య జౌహరా వీధి చివర నుంచి కేకేసింది, "తండ్రీ కొడుకులు ఎండలో ఎండిపోతారా, లోపలికొస్తారా? కుస్కుస్ చల్లారిపోతోంది!"

సబ్బాతు ఉదయం మందిరం నిండింది. సాయంత్రం సూర్యుడు కుంకగానే, మా పంచాంగంలో ఆ నెల తొమ్మిదో రోజు ఉపవాసం మొదలవుతుంది. పూర్వం జెరూసలేంలో మా గుడి కూలిన రోజుకి ఉపవాసం. నారింజ రిబ్బన్లు శాలువాల కింద కనబడుతున్నాయి. యగేల్ తెల్ల చొక్కా వేసుకుని తండ్రి పక్కన కూర్చున్నాడు. వాళ్ళకి ముందు బెంచీ ఖాళీ, వెనక బెంచీ ఖాళీ. రబ్బీ హర్పజ్ తన చోట. రబ్బీ షోరెక్ తూర్పు గోడ పక్కన, పుస్తకంలో ముఖం.

నేను ప్రార్థన మొదలుపెట్టాను. ప్రార్థన నడిపేవాడు వెనక్కి తిరగకూడదు. నాకు వెనక జరిగేదంతా చప్పుళ్ళే.

ఆ ఘడియ దగ్గరికొచ్చేసరికి రెండు జతల బూట్లు విప్పిన చప్పుడు. వట్టి పాదాలు గుమ్మం వైపు నడిచాయి. చెంబు తొట్టి అంచుకి తగిలింది. నీళ్ళు పడ్డాయి. మూడుసార్లు ఒక చేతికి, మూడుసార్లు ఇంకో చేతికి. అవి ఖమూస్ చేతులు. నాకు తెలుసు.

గుసగుస లేదు.

తర్వాత నీళ్ళ చప్పుడు మళ్ళీ రావాలి. రాలేదు. రాగి రాతి మీద ఆనిన చప్పుడొచ్చింది. గెదల్యా చెంబు బోర్లించాడు. ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారి తొట్టిలోకి పోయాయి. తలుపు తెరుచుకుంది. బూట్ల అడుగులు బయటికి వెళ్ళాయి. ఒకరివి, తర్వాత ఇద్దరివి, తర్వాత ఇంకో నలుగురివి.

నేను పదాలు మెల్లిగా చదివాను. ఎంత మెల్లిగా చదవగలనో అంత మెల్లిగా చదివాను. ఆ చోటు రానే వచ్చింది.

అప్పుడు వట్టి పాదాలు కదిలాయి. నా వైపుకి రావాల్సినవి. తలుపు వైపుకి వెళ్ళాయి. తడి పాదాలు అవి. వాటి వెనక ఇంకో జత.

బీరువా ముందు ఎవరూ లేరు.

కోహెన్ లేనప్పుడు నడిపేవాడు చదవాల్సిన వాక్యం ఒకటుంది. దీవెన ఇవ్వదు, దీవెనని గుర్తుచేసి వేడుకుంటుంది అంతే. ఖమూస్ సైన్యం పిలుపు మీద వెళ్ళే రోజుల్లో చదివేవాణ్ణి. ఆ తర్వాత అరుదుగా తప్ప అవసరం పడలేదు. నోటికి రాలేదు. పేజీ తిప్పాను. మళ్ళీ తిప్పాను. మందిరమంతా నా వేళ్ళనే చూస్తోంది. రబ్బీ హర్పజ్ తన చోటు నుంచే మొదటి మాట అందించాడు. రెండో మాట తూర్పు గోడ వైపు నుంచి వచ్చింది. అది షోరెక్ గొంతు.

తోరా చదివే సమయానికి నా పని ఆగుతుంది. లోపల కోహెన్ లేడు గనక, తోరా దగ్గరికి అతనికి దక్కాల్సిన మొదటి పిలుపు హర్పజ్‌కి వెళ్ళింది. నేను బయటికొచ్చాను.

ఖమూస్ కుళాయి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. పాదాలకి దుమ్ము. యూకలిప్టస్ నీడలో గెదల్యా నిలబడి ఉన్నాడు. మిగతావాళ్ళు ఇళ్ళకి పోయారు. యగేల్ దూరంగా కంచె దగ్గర, దిబ్బల వైపు తిరిగి ఉన్నాడు.

"నిన్నెవడు రమ్మన్నాడు బయటికి?" గెదల్యా అంటున్నాడు. "నీ మీద పోశానుగా. నీతో పేచీ లేదన్నానుగా."

"నాకుంది."

"ఏం?"

"నువ్వు చెంబు బోర్లించావే. అప్పుడు నీ మెడ చూశా. ఏమనుకున్నానో చెప్పనా?"

"వద్దు."

"చెప్తా. వీడి కూతుర్ని నా కొడుకే మోసుకురావాలి, వీడు పక్కన నిలబడి చూడాలి, అనుకున్నా. అనుకున్నాక పైకెలా ఎక్కన్రా? ఎక్కి 'ప్రేమతో' అనాలిగా." ఖమూస్ తడి ఆరిపోయిన చేతుల వైపు చూసుకున్నాడు. "రెండు రోజుల్నుంచి అందరి దగ్గరికీ తిరిగా. జనం నా కొడుకుని ద్వేషిస్తున్నారా లేదా, ఇదే లెక్క. నా సంగతి ఎవడూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు."

గెదల్యా మణికట్టు రిబ్బను తిప్పుకున్నాడు. లోపల తోరా చదివే గొంతు కిటికీలోంచి వినబడుతోంది.

"హదాసా చిన్నప్పుడు దీవెన వేళ నా శాలువా కింద నిలబడేది," అన్నాడు గెదల్యా. "చూడొద్దంటే నీ వేలే చూసేది. 'ఖమూస్ బాబాయ్ వేలు అటెందుకు తిరిగుంది నాన్నా' అని రోజూ పీక్కుతినేది."

"నువ్వేం చెప్పేవాడివి?"

"అటుపక్క కూడా ఎవరో ఉన్నారు, వాళ్ళనీ దీవిస్తున్నాడు, నోర్మూసుకో అనేవాణ్ణి."

ఖమూస్ వంకర వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నిన్న ఫోన్ చేసింది," అన్నాడు గెదల్యా. "పిల్లల బట్టలు సర్దలేదంట. సర్దితే ఒప్పుకున్నట్టంట. రబ్బీ షోరెక్ సర్దొద్దన్నాడంట. ఉయ్యాల ఎక్కడ పెట్టాలి నాన్నా అని అడుగుతుంది. నేనేం చెప్పను?"

"మా ఇంట్లో పెట్టు. వెనక గది ఖాళీయేగా."

"అడిగానా నిన్ను?"

"అడగలేదు."

కంచె దగ్గర్నుంచి యగేల్ మా వైపు నడిచొచ్చి పది అడుగుల దూరంలో ఆగాడు. "నేను ఇంటికెళ్ళిపోతా నాన్నా. నువ్వు లోపలికెళ్ళు. ఇంకో ప్రార్థన ఉందిగా."

సబ్బాతు రోజు రెండు ప్రార్థనల్లో దీవెన ఉంటుంది. ఇంకొకటి మిగిలి ఉంది.

"ఆగు," అన్నాడు ఖమూస్. ఆగమని ఎందుకన్నాడో అతనికీ తెలియనట్టుంది.

గెదల్యా కుర్రవాడి వైపు చూడలేదు. గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "నీ మీద పోస్తాను ఖమూస్. వాడి మీద పోయను. నా వల్ల కాదు. చెయ్యి లేవదు."

"సరే."

"సరే అంటావేంట్రా? తిట్టు."

"తిట్టేశాగా పొద్దున. మనసులో."

నలుగురం లోపలికి వెళ్ళాం. రబ్బీ షోరెక్ ప్రసంగానికి లేచాడు. అరగంట మాట్లాడతాడని అనుకున్నారు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. "ఈ ఊరికి బలం ఇవ్వడానికి వచ్చాను," అన్నాడు. "ఈ ఉదయం ఈ గోడల మధ్య దీవెన పడలేదు. చెప్పాలనుకున్నదంతా సరైనదే. ఇప్పుడు చెప్పను." కూర్చున్నాడు. రబ్బీ హర్పజ్ అతని వైపు చూశాడు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం మానేశారని ఊళ్ళో అందరికీ తెలుసు.

రెండో ప్రార్థన మొదలుపెట్టాను. గెదల్యా వెనక బయటికి పోయిన ఆరుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు, ముగ్గురు రాలేదు.

ఆ ఘడియ వచ్చింది. వట్టి పాదాలు, రెండు జతలు. చెంబు నిండిన చప్పుడు. నీళ్ళు పడ్డాయి. మూడుసార్లు. ఇంకో మూడుసార్లు. ఆగాలి. ఆగలేదు. సన్నటి ధారగా పడుతూనే ఉంది.

చెయ్యకూడని పని చేశాను. తల తిప్పాను.

ఖమూస్ చేతులు ధార కింద ఉన్నాయి. వాటికి జానెడు కింద ఇంకో రెండు చేతులు. వంకర వేలి మీద పడిన నీళ్ళు పక్కకి తిరిగి యగేల్ అరచేతుల్లోకి జారుతున్నాయి. గెదల్యా ముఖం గోడవైపు ఉంది. కళ్ళు మూసుకున్నాడో తెరిచాడో నాకు కనబడలేదు. చెంబు మాత్రం వంచుతూనే ఉన్నాడు. ఆఖరి చుక్క దాకా వంచాడు.

నేను ముందుకి తిరిగాను.

ఎక్కింది ఒక్క కోహెనే అయితే నడిపేవాడు పిలవకూడదు, అతనే తిరుగుతాడు. ఇద్దరైతే గట్టిగా "కోహెన్లారా" అని పిలవాలి. నేను పిలిచాను. బీరువా ముందు రెండు శాలువాలు జనం వైపు తిరిగాయి. నాలుగు చేతులు బయటికి చాచుకున్నాయి. ఒక వేలు పక్కకి.

దీవెన మాటలు ఒక్కొక్కటీ నేను అందిస్తాను, వాళ్ళు పలుకుతారు. దానికి ముందు చెప్పేది మాత్రం వాళ్ళంతట వాళ్ళే చెప్పుకోవాలి. ఖమూస్ మొదలుపెట్టాడు. యగేల్ కలిశాడు. చివరి మాట ముందు ఖమూస్ గొంతు ఆగింది.

కొడుకూ ఆగాడు. తండ్రిని దాటి వెళ్ళలేదు.

మందిరంలో పంకాలు తిరుగుతున్నాయి. ఎవరో పిల్ల దగ్గింది. నేను అందించలేను. హర్పజ్ అందించలేడు. ఆ మాట ఎవరూ ఎవరికీ అందించేది కాదు. గుమ్మం దగ్గర తొట్టి మీద ఎవరో చెంబుని నిలబెట్టారు. రాగి రాతికి మెల్లిగా తగిలింది.

"ప్రేమతో," అన్నాడు ఖమూస్.

ఆ వారం సైన్యం వెళ్ళింది. హదాసా ఇంటికి వెళ్ళింది యగేల్ దళం కాదు. గెదల్యాకి అందులో పెద్ద తేడా కనబడలేదు. ఉయ్యాల ఖమూస్ వెనక గదిలో పద్నాలుగు నెలలు ఉంది. దాని పక్కన హదాసా, మొగుడు, నలుగురు పిల్లలు. యగేల్‌తో గెదల్యా ఇప్పటికీ మాట్లాడడు. రబ్బీ షోరెక్ విద్యార్థుల్లో కొందరు ఆయుధం కింద పెట్టి జైలుకెళ్ళారు. రబ్బీ హర్పజ్ ప్రతి సబ్బాతూ దేశం కోసం ప్రార్థన చదివించాడు. అప్పుడు కొందరు కూర్చునే ఉండేవాళ్ళు. రబ్బీ వైనర్ మాట వినేవాళ్ళు డెబ్బై దాటలేదు. రెండేళ్ళ తర్వాత దిబ్బల అవతల నుంచి రాకెట్లు పడ్డప్పుడు, నేను ముందే చెప్పాను అని ముగ్గురూ అనగలిగేవాళ్ళే. అన్నది మాత్రం ఇద్దరే.

నాకు ఒక్క సందేహం మిగిలింది. ఒకరి చేతుల మీద పడి జారిన నీళ్ళు ఇంకొకరి చేతులకి చెల్లుతాయా అని. అది జరిగిన ఊరి పేరూ మనుషుల పేర్లూ లేకుండా ముగ్గురికీ ఉత్తరం రాశాను. ముగ్గురి దగ్గర్నుంచీ జవాబొచ్చింది. ఆ రోజుల్లో ఆ ముగ్గురూ ఒకే జవాబిచ్చిన ప్రశ్న నాకు తెలిసి అదొక్కటే.

చెల్లవు. నీళ్ళు చెంబులోంచి తిన్నగా పడాలి. దీవెన మాత్రం చెల్లుతుంది, పొద్దున ఇంట్లో కడుక్కున్న చేతులు దానికి చాలు.

యగేల్ సెలవు మీద వచ్చిన సబ్బాతుల్లో గెదల్యా చెంబు నిండా నీళ్ళు పడతాడు. ఖమూస్ మీదే పోస్తాడు. చల్లగా ఉన్నాయని ఖమూస్ అంటాడు. టీ కాచి పోస్తానని గెదల్యా అంటాడు. ముఖం గోడకి తిప్పుకుని, ఆఖరి చుక్క దాకా వంచుతాడు.

ఆ నీళ్ళు చెల్లవని నేను వాళ్ళకి చెప్పలేదు.